దిబ్బ మీది కొబ్బరి చిప్పలు

నన్ను పెంచిన చేతుల మీద ఒట్టు, ఇందులో ప్రతి అక్షరం నిజం. నా ఒట్లకు ఆమదాలవలసలో ఎంత విలువుందో తెలిసినవాళ్ళు నవ్వుకుంటారు. నవ్వుకోనీండి.

మా వీధి చివర ఒక ఖాళీ స్థలం ఉంది. పొద్దున్నే చెత్తబండి పాట పాడుకుంటూ వస్తే ఎవరూ గడప దాటేవారు కాదు. బండి వెళ్ళాక తీరిగ్గా కవర్లు ముడేసి అక్కడ విసిరేవాళ్ళం. రొయ్యల పొట్టు, పిల్లల డైపర్లు, పాచిపోయిన సాంబారు. నేనూ విసిరాను. కాకపోతే మా ఇల్లు ఆ చెత్తదిబ్బకు మరీ దగ్గర. వాసన భరించలేక ఒకరోజు టీ బడ్డీ దగ్గర కథ వదిలాను. దిబ్బలో నాగుపామును చూశానని, పడగ చేటంత ఉందని, నన్ను చూసి మర్యాదగా పక్కకు తప్పుకుందని చెప్పాను. భయపడి చెత్త వేయడం మానేస్తారనుకున్నాను.

మానలేదు. శుక్రవారానికల్లా అక్కడొక రాయికి పసుపు పూశారు. చెత్త ఒక పక్క, పూజ ఒక పక్క. కొట్టిన కొబ్బరికాయ ఇంటికి తీసుకెళ్ళవచ్చా అని ఎదురింటావిడ నన్నే అడిగింది. ఊరుకోవచ్చు కదా.

"తీసుకెల్తే పాము ఎనకాలే వస్తాది" అన్నాను.

ఆ రోజు నుంచి చిప్పలన్నీ అక్కడే. వానలు పట్టాయి. ప్రతి చిప్పలో నీళ్ళు, నీళ్ళలో తోకలాడించే పురుగులు.

మా అప్ప, అంటే నన్ను పెంచిన పెద్దక్క, మా ఇంట్లోనే ఉండేది. పామును నమ్మనిది ఆమె ఒక్కతే. రోజూ కర్ర పట్టుకెళ్ళి చిప్పల్ని బోర్లించేది.

"అమ్మోరి సిప్పలు ముట్టుకుంటావేటి వదినా? కళ్ళు పోతాయి!" అంటూ ఎదురింటావిడ ఒకనాడు ఆ కర్ర లాగేసుకుంది.

అప్ప వచ్చి నా ముందు కూర్చుంది. "ఒరే, పాము లేదని నువ్వే సెప్పాల. నా మాట ఎవులూ ఇనరు. దోమలు పీకేత్తన్నాయి."

"సెప్తాన్లే."

"ఎప్పుడు? నీ నోట్లోంచి నిజం రావాలంటే మంత్రసానిని పిలవాలేట్రా?"

నవ్వాను. రేపు చెబుదామనుకున్నాను. వీధి వీధంతా నా కథకు దండం పెడుతోంది. అది నాకు బాగుంది.

ముందు ఎదురింటి పాపకు జ్వరం వచ్చింది. తర్వాత అప్పకు. శ్రీకాకుళం ఆసుపత్రిలో డెంగ్యూ అన్నారు, ప్లేట్‌లెట్లు పడిపోతున్నాయన్నారు. బయట బెంచీ మీద కూర్చున్నాను. ఏమీ అనిపించలేదు. ఎవరో ఇడ్లీ ఇస్తే తిన్నాను. చట్నీలో ఉప్పు తక్కువైందని గుర్తుంది.

నాలుగో రోజు జ్వరం తగ్గింది. అప్ప ఇంటికి వచ్చింది. కర్ర తిరిగి పుచ్చుకుని దిబ్బ దగ్గరికి నడిచింది, వెనకాల నేను. అందరి ముందూ పాము అబద్ధమని ఒప్పుకున్నాను. అందరం కలిసి చిప్పలేరి చెత్తబండికి ఎక్కించాం.

ఇక ఒట్టు సంగతి. నేను కల్పించింది అప్ప ఇంటికి రావడం దగ్గర నుంచి. జ్వరం తగ్గిన మాట నిజమే. తగ్గాకే అసలు ప్రమాదమని డాక్టరు చెప్పాడు. ఆ సాయంత్రమే అప్ప పోయింది.

పాము లేదని చెప్పడం కూడా చెప్పాను, పదో రోజున, భోజనాల దగ్గర. ఎదురింటావిడ నన్ను జాలిగా చూసింది.

"దుక్కంలో అనీసేవు గానీ, మల్లీ అనకు బాబూ. పాము ఇంటాది."

మర్నాడు పొద్దున్న వెళ్ళి చిప్పలు బోర్లించాను. కర్ర ఇంకా వాళ్ళింట్లోనే ఉంది. చేత్తోనే బోర్లించాను.