స్లాబు కింద సాయంత్రం

బెజవాడ ఎండని పొరుగూరి వాళ్ళు వెక్కిరిస్తే మాకు కోపం రాదు. వాళ్ళకంటే ముందు మేమే వెక్కిరించుకుంటాం. ఇక్కడ ఉన్నవి రెండే కాలాలు, ఒకటి ఎండాకాలం, రెండోది మండే కాలం అని. కానీ అదే మాటని ఒక కాంట్రాక్టరు నా మొహం మీద నవ్వుతూ అన్నప్పుడు, మా అమ్మని సమాధుల తోటలో పెట్టి వచ్చి ఇంకా నెల కూడా కాలేదు. ఆ నవ్వుని నేను మరిచిపోలేదు. మరిచిపోదామని ప్రయత్నం కూడా చేయలేదు.

ఇది డెబ్బైలలో సంగతి. నేను ఒక ఆడపిల్లల కాలేజీలో ఫిజిక్సు డిమాన్‌స్ట్రేటరుని. పాఠం చెప్పడం లెక్చరర్ల పని. బీరువాలోంచి సామాను తీసి, పిల్లల చేత ప్రయోగాలు చేయించి, మళ్ళీ తుడిచి లోపల పెట్టడం నా పని. నాన్న పోయాక అమ్మని ఉయ్యూరు నుంచి నా దగ్గరికి తెచ్చుకున్నాను. చిన్న ఉద్యోగుల కోసం ఊరి చివర కొత్తగా కట్టించిన కాలనీలో నాకు ఒక ఇల్లు దొరికింది. రెండు గదులు, వంటిల్లు, పైన స్లాబు. స్లాబు ఇల్లంటే అప్పట్లో గొప్ప. పుట్టిన దగ్గర్నుంచి తాటాకు కిందా పెంకు కిందా బతికిన మా అమ్మ తల పైకెత్తి చూసి, "చల్లపల్లి రాజావారి కోటలా ఉందే!" అని మురిసిపోయింది.

ఆ మురిపెం ఎండలు ముదిరేదాకానే.

స్లాబు పోసి వదిలేస్తే అది ఇల్లు కాదు, పొయ్యి మీద పెట్టిన పెనం. దాని మీద ఇటుక ముక్కలూ గానుగ సున్నమూ కలిపి మందంగా పరిచి, బెల్లం నీళ్ళూ కరక్కాయ నీళ్ళూ చల్లుతూ ఆడకూలీలు వరసగా కూర్చుని చెక్కలతో కొట్టాలి. రోజుల తరబడి కొట్టాలి. ఆ మందమే ఎండని ఆపేది. మా వరస ఇళ్ళకి కాంట్రాక్టరు ఆ పని ఎగ్గొట్టి, పైన పల్చగా సిమెంటు పూత పూయించాడు. తనిఖీకి వచ్చిన పెద్దమనుషులు కింద నిలబడి గోడల సున్నం తెల్లగా ఉందని చూసి వెళ్ళిపోయారు. నిచ్చెన ఎక్కినవాడు లేడు.

అమ్మకి మొదట్లో అర్థమయ్యేది కాదు. పొద్దుగూకితే చల్లబడుతుందని ఎదురుచూసేది. పెంకుటింట్లో అంతే కదా, ఎండతో వేడి, ఎండ పోతే వేడి పోతుంది. ఇక్కడ పొద్దుగూకాకే పైనుంచి సెగ దిగడం మొదలయ్యేది. బయట కృష్ణ మీది గాలి వీస్తుంటే లోపల కుమ్మరి ఆవంలా ఉండేది. కరెంటు ఉంటే ఫ్యాను ఆ సెగనే తిప్పి మా మీద పోసేది. కరెంటు సగం రోజులు ఉండేది కాదు. బయట మంచం వేసుకుందామే అంటే, "ఆడాళ్ళం ఇద్దరం, వీధిలో పడుకుంటామా, నలుగురూ ఏమనుకుంటారు?" అని ఒప్పుకునేది కాదు. చీర కొంగు తడుపుకుని గుండెల మీద వేసుకుని కూర్చునేది.

ఏప్రిల్ చివర, ప్రాక్టికల్ పరీక్షలప్పుడు, ఒక సాయంత్రం నేను ఇంటికి వచ్చేసరికి అమ్మ మంచం మీద ఉంది. ఒళ్ళు కాలిపోతోంది, చుక్క చెమట లేదు. నన్ను పోల్చుకోలేదు. రిక్షాలో ఆస్పత్రికి తీసుకెళ్ళాను. "వడదెబ్బ. ఎండలో ఎక్కడ తిరిగారావిడ?" అన్నారు డాక్టరు గారు. "గడప దాటలేదండీ" అన్నాను. ఆయన నమ్మలేదు. తెల్లారేసరికి అమ్మ లేదు.

కాంట్రాక్టరు దగ్గరికి నేనే వెళ్ళాను. చల్లపల్లి వైపు రైతు, పొలాలున్న మనిషి, ఇళ్ళు కట్టే పనిలోకి దిగి బాగా పైకి వచ్చాడు. మల్లెపువ్వు లాంటి పంచె, భుజాన కండువా. నేను చెప్పిందంతా విని నవ్వాడు. "బెజవాడలో ఎండ కాయకపోతే మంచు కురుస్తుందా అమ్మా? ఇక్కడ ఉండేవి రెండే కాలాలు కదండీ!" అని, "ఎండన పడి వచ్చారు, సోడా తాగి వెళ్ళండి" అన్నాడు. పుండు మీద కారం చల్లి, పైన సోడా కొట్టించాడు.

పగ దేవుడికి వదిలెయ్యమని మా పాస్టరు గారు చెప్పారు. మంచి మనిషి, నా కోసం ప్రార్థన కూడా చేశారు. ఆమెన్ అన్నాను. దేవుడికి లోకమంతా చూసుకోవాల్సి ఉంటుంది కాబట్టి ఈ ఒక్క పనీ నేను చూసుకుంటానని లోపల అనుకున్నాను.

కాలం కలిసి రావడానికి రెండేళ్ళు పట్టింది. మా ఎదురుగా ఇంకో వరస ఇళ్ళు లేచాయి. అదే కాంట్రాక్టరు, అదే స్లాబు. ఈలోగా కొత్తగా వచ్చిన ఇంజనీరు గారికి ఒక తలనొప్పి మొదలైంది. మా కాలనీలో ఫ్యాన్లు రాత్రీ పగలూ తిరుగుతున్నాయి, ఫ్యూజులు ఎగిరిపోతున్నాయి, ఉన్న కరెంటే చాలడం లేదు. ఫ్యాను లేకుండా మనిషి ఉండగలిగితేనే ఈ కొత్త ఇళ్ళు తీసుకుంటాం, ఎవరినైనా పెట్టి లోపల వేడి ఎంతో కొలిపించండి అని ఆయన మా కాలేజీకి కబురు పెట్టారు. వేసవి సెలవులు. లెక్చరరు గారికి మే నెల ఎండలో ఊరి చివరికి వెళ్ళే ఉద్దేశం లేదు. ఆయన మాట పూర్తి కాకముందే "నేను వెళతానండీ" అన్నాను.

ఆ రోజు పొద్దున్నే, పెద్దలెవరూ రాకముందే, థర్మామీటర్లు దూదిలో చుట్టి బుట్టలో పెట్టుకుని వెళ్ళాను. బుట్ట కింద పెట్టి, చీర కుచ్చెళ్ళు ఎగదోపుకుని నిచ్చెన ఎక్కాను. పైన వరి నారుమడి కనిపించింది. స్లాబు మీద మట్టితో గట్లు వేసి, మళ్ళు కట్టి, చీలమండ లోతు నీళ్ళు పెట్టారు. కూలీలు గట్లు తెంపి హడావిడిగా నీళ్ళు తోడేస్తున్నారు.

"ఏమిటిది?" అని మేస్త్రీని అడిగాను.

"క్యూరింగండీ" అన్నాడు, నా వైపు చూడకుండా.

కొత్త స్లాబు గట్టిపడడానికి అలా నీళ్ళు కట్టడం మామూలే. కానీ ఈ స్లాబు పోసి నెలలు గడిచాయి. ఇప్పుడు కట్టిన నీళ్ళు సిమెంటు కోసం కాదు, నా థర్మామీటర్ల కోసం.

గట్టిగా ఒక్క మాట అంటే కాంట్రాక్టరు అక్కడికక్కడే దొరికిపోయేవాడు. అనలేదు. అంటే ఏమవుతుంది? తప్పు మేస్త్రీ మీద తోసేస్తాడు, పరీక్ష వాయిదా వేయిస్తాడు, ఇంకో ఎత్తు ఆలోచిస్తాడు. డెల్టా రైతుకి నీళ్ళే సర్వరోగాలకీ మందు. పైగా ఆయన ఉండేది మూరెడు మందం గోడల పాత పెంకుటింట్లో. ఊళ్ళో సగం స్లాబులు ఆయన పోసినవే గానీ, ఒక్క స్లాబు కింద ఒక్క పూట పడుకున్న మనిషి కాదు. మధ్యాహ్నం గండం గడిస్తే చాలనుకున్నాడు. నేను నోరు మూసుకుని నిచ్చెన దిగాను. దిగుతుంటే నవ్వొచ్చింది.

ఇంజనీరు గారు జీపులో వచ్చారు. కాంట్రాక్టరు కుర్చీలు వేయించాడు, మజ్జిగ తెప్పించాడు. నన్ను ఆనవాలు పట్టలేదు, మేడం గారూ అంటూ వెనకే తిరిగాడు. ఒక థర్మామీటరు బయట వేపచెట్టు నీడలో కట్టాను, ఒకటి గది మధ్యలో వేలాడదీశాను, ఒకటి లోపల పైకప్పుకి ఆనించి బంక గుడ్డతో అంటించాను. మిట్టమధ్యాహ్నం బయట నిప్పులు చెరుగుతుంటే లోపల హాయిగా ఉంది. తడిసిన స్లాబు కదా.

"చూశారా సార్! ఫ్యాను దేనికండీ, దుప్పటి కప్పుకోవాలి!" అన్నాడు కాంట్రాక్టరు. ఇంజనీరు గారు కూడా సంతోషించారు. "ఇంక రాసెయ్యండి మేడం గారూ" అన్నాడు కాంట్రాక్టరు నాతో.

"సాయంత్రం దాకా చూడాలండీ."

"ఎండ తగ్గాక ఇంకేం చూస్తారమ్మా?"

"తగ్గిందో లేదో చూస్తాను."

ఆయనకి భలే నవ్వొచ్చింది. "చూడండి, చూడండి. నేనూ ఇక్కడే ఉంటా. సార్, భోజనం తెప్పిస్తున్నా, మీరూ కాసేపు నడుం వాల్చండి" అన్నాడు. ఇంజనీరు గారిని ఆపింది నేను కాదు, కాంట్రాక్టరే.

ఇంజనీరు గారు ఇంట్లో ఉండగా పైకి నీళ్ళు మోయించడానికి వీల్లేదు. ఎండిన స్లాబు మధ్యాహ్నమంతా ఎండ తాగింది. పొద్దు వాలుతుండగా బయట పాదరసం దిగడం మొదలైంది, పైకప్పుకి అంటించినది ఎక్కడం మొదలైంది. ఇంజనీరు గారు చొక్కా వీపుకి అంటుకుపోయి లేచి కూర్చున్నారు. కాంట్రాక్టరు పరుగెత్తి ఫ్యాను వేశాడు. పైనున్న సెగంతా ఒక్కసారి మీద పడింది. "ఆపవయ్యా బాబూ!" అని అరిచారు ఇంజనీరు గారు.

దీపాలు పెట్టే వేళకి అందరూ గుమ్మం బయట నిలబడి గాలి పీల్చుకుంటున్నారు. నేను మాత్రం లోపలే ఉన్నాను. ఆ ఉక్క నాకు కొత్త కాదు. "కాంట్రాక్టరు గారూ, ఒకసారి లోపలికి రండి" అని పిలిచి, స్టూలు చూపించి, "ఎక్కి పైన చెయ్యి పెట్టి చూడండి" అన్నాను. ఇంజనీరు గారు చూస్తున్నారు కాబట్టి ఎక్కాడు. అరచెయ్యి ఆనించి చటుక్కున వెనక్కి తీసుకున్నాడు. నాకు కడుపు నిండింది. అబద్ధమెందుకు, పండగ భోజనం కూడా నాకు అంత రుచించలేదు.

"మీరు రాసి రేపు ఆఫీసుకి పంపండి. మీరేం రాస్తే దాని మీదే సంతకం పెడతాను" అన్నారు ఇంజనీరు గారు. నాతో అంటూ కాంట్రాక్టరు వైపు చూశారు. ఈ రాత్రికే సర్దుకో అన్న ఆ చూపు మా ఇద్దరికీ అర్థమైంది.

నేను రోడ్డు దాటి ఇంటికొచ్చి మొహం కడుక్కునేలోగా కాంట్రాక్టరు మా గుమ్మంలో ఉన్నాడు. కూర్చోమన్నాను. మంచం మీద కూర్చుని కండువాతో మెడ తుడుచుకున్నాడు, మళ్ళీ తుడుచుకున్నాడు, పైకి చూశాడు.

"ఇంత సెగేమిటండీ బాబూ? ఎవరు కట్టారండీ ఈ ఇల్లు?"

"మీరేనండీ."

వ్యాపారం చేసే మనిషి, ఊరికే కూర్చోడు. "అయితే ఒక పని చేద్దామమ్మా. మీ ఇంటి మీద మందంగా సున్నం కొట్టించేస్తాను. రేపే మనుషుల్ని పంపుతా, మీరు పైసా ఇవ్వద్దు. మధ్యాహ్నం చూసింది రాయండి, చాలు. సాయంత్రం సంగతి వదిలెయ్యండి" అన్నాడు.

నేనూ పైకి చూశాను. ఆశ పుట్టలేదంటే అబద్ధం. మా వరస ఎప్పుడో ప్యాసైపోయింది, దాని జోలికి ఇంకెవరూ రారు. ఈయన వేయిస్తేనే చల్లదనం, లేకపోతే ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ ఈ పెనం కిందే.

నేను తటపటాయిస్తున్నానని కనిపెట్టినట్టున్నాడు. "నా మీద ఇంత పంతం దేనికమ్మా? నేను మీకేం చేశాను?" అన్నాడు మెత్తగా.

చెప్పాను. అమ్మ గురించి, ఆ ఏప్రిల్ గురించి, ఆయన నవ్వు గురించి. ఆయన కళ్ళు మూసుకుని గుర్తు తెచ్చుకోవడానికి నిజంగానే ప్రయత్నించాడు. "గుర్తు లేదమ్మా. రోజూ ఎంతోమంది వస్తుంటారు కదా" అన్నాడు. రెండేళ్ళు నేను కడుపులో పెట్టుకుని పెంచిన పగ, ఆయనకి గుర్తే లేదు. నా ఒళ్ళు మండిపోయింది.

"పెద్దావిడ పోవడం పాపమేనమ్మా. ఇప్పుడు మీరైనా చల్లగా ఉండండి. ఒప్పుకోండి" అన్నాడు.

"మా అమ్మ బతికుంటే ఒప్పుకునేదాన్నండీ" అన్నాను.

ఆయన లేచి, చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. చెమటకి కాగితం చేతికి అంటుకుంటుంటే పమిటతో తుడుచుకుంటూ, సాయంత్రం సంగతి మొదటి నుంచి చివరిదాకా రాశాను.