తేతే ఎతీ చేతి పొట్లం

రొహాయెతి సాధించిన మొదటి విజయం ఏమిటంటే, కల్వంలో నూరిన మందుపొడిని కేవలం కంటిచూపుతో పది కాగితాల మీదికి పంచడం, ఆ పది కాగితాలనూ ఫార్మసిస్టు అమ్మగారు, ఇబు రత్నవులాన్, ఒక్కొక్కటిగా తూచినప్పుడు త్రాసు ముల్లు ఒక్కచోటే నిలవడం. చెప్పుకుంటే చిన్న సంగతిలాగే ఉంటుంది. కానీ గారుత్ పట్టణంలో మా మందుల షాపులో పనికి చేరిన ఆడపిల్లల్లో చాలామంది ఆ పరీక్ష నెగ్గలేక బిల్లుల కౌంటరుకు వెళ్ళిపోయారు. రొహాయెతి కూడా మొదట రెండుసార్లు ఓడిపోయింది. అప్పుడు ఇంటి దగ్గర బియ్యప్పిండితో సాధన మొదలుపెట్టింది. పంచడం, కలిపెయ్యడం, మళ్ళీ పంచడం. అంత పిండి పారెయ్యలేక వాళ్ళమ్మ సాయంత్రమయ్యేసరికి దాంతో సురబీ అట్లు పోసేది.

"నీకు పని రావడం దేవుడెరుగు, ఈ అట్లు తినలేక మేం పారిపోయేలా ఉన్నాం" అన్నాడట వాళ్ళ నాన్న.

మూడోసారి నెగ్గింది. ఆ రోజు నేను పక్కనే ఉన్నాను. ఉండాలి కదా, నేర్పింది నేనే. నా పేరు జుహానా. షాపులో అందరూ నన్ను ఉవా అంటారు, అంటే పెదనాన్న వరస. నేను చదివింది పల్లెబడిలో, అదీ ఆరు తరగతులు. ఆ షాపు తెరిచిన నాడు తలుపు తాళం తీసిన చెయ్యి నాది. గలుంగ్గుంగ్ కొండ బూడిద కక్కిన ఏడాది ఊరు ఊరంతా దగ్గుతుంటే, చొక్కా మార్చుకోడానికి కూడా ఇంటికి పోకుండా మందు నూరాను. నేను కట్టిన పొట్లం తప్పని ఎవరూ వెనక్కి తేలేదు. నేను పనిమానేసే రోజున షాపు యజమాని నాకు గోడగడియారం బహూకరించారు. ఇప్పటికీ ఇంట్లో ఖాళీగా కూర్చోలేక పొద్దున్నే వచ్చి పొట్లం కాగితాలు కత్తిరించి పెడుతుంటాను. ఇవన్నీ ఎందుకు చెబుతున్నానంటే, రొహాయెతి చెయ్యి మంచి చెయ్యి అని నేనంటే ఆ మాటకు విలువ ఉండాలని.

షాపుకు ఎదురుగా పిల్లల డాక్టరు ఉన్నాడు. మా దగ్గర పసిపిల్లలకు సీసా మందు తక్కువ. డాక్టరు మాత్రలు రాస్తాడు. వాటిని బిడ్డ బరువుకు తగ్గట్టు నూరి, పాల చక్కెర కలిపి, పూటకొక పొట్లం చొప్పున కట్టి ఇవ్వాలి. అయితే తల్లులకు డాక్టరు ఒక్కడే చాలడు. మందు ఎవరి చేతిమీదుగా వచ్చిందన్నది కూడా చూస్తారు. ఒకరి హస్తవాసి ఒక బిడ్డకు పడుతుంది, ఇంకొకరిది పడదు. వర్షాకాలంలో జ్వరాలు మొదలైతే షాపు బెంచీల మీద తల్లులు కిక్కిరిసి కూర్చుని, చీటీ ఇస్తూనే రొహాయెతిని అడిగేవారు. అందరికీ ఆమె తేతే ఎతీ, అంటే ఎతీ అక్క.

"తేతే ఎతీ లోపలుందా? ఆమె చేత కట్టించండి."

మొదట్లో వాళ్ళే "ఉవా చేత కట్టించండి" అనేవాళ్ళు. నన్ను వదిలి ఎతీ వైపు మళ్ళినప్పుడు నాకు కొన్నాళ్ళు అన్నం సయించలేదు. అందుకే ఆ తర్వాత ఎతీ ఏ మంటలో పడిందో నాకు అందరికంటే ముందు తెలిసింది.

వీదానింగ్సిహ్ కిందటి ఏడాది వచ్చింది. అందరూ వీదా అంటారు. బందుంగ్‌లో మందుల చదువు పూర్తి చేసి వచ్చిన పిల్ల. గర్వం లేదు, కల్వాలు కడగమంటే కడిగేది. పంచే పరీక్ష కూడా నెగ్గింది. ఒకనాడు సమారంగ్ పల్లె నుంచి ఒక తల్లి వచ్చి, ఎతీకి వినబడేలాగే, "మొన్న ఆ కొత్తమ్మాయి కలిపిన మందు మావాడు ఉమ్మకుండా మింగాడు. ఇవాళ కూడా ఆమె చేతే ఇప్పించండి" అంది.

ఎతీ నూరడం ఆపలేదు. కానీ చప్పుడు మారింది. పింగాణీ కల్వంలో గుండు తిరిగే చప్పుడు విని లోపలి మందు ఎంత మెత్తబడిందో నేను చెప్పగలను. ఆ రోజు లోపల మందు ఎప్పుడో మెత్తబడింది, ఎతీ ఇంకా నూరుతూనే ఉంది.

మధ్యాహ్నం నా దగ్గరకు వచ్చి, "ఉవా, ఆ పిల్ల పాల చక్కెర ఎక్కువ వేస్తోంది. తియ్యగా ఉంటే ఎవరు మింగరు?" అంది.

"నీకంటే ఎక్కువేం వెయ్యలేదు. నేను చూశాను."

"మీరు కూడా ఆమె పక్షమేనా?"

మర్నాటి నుంచి మంచి కల్వం ఎతీ బల్ల కిందికి చేరింది. సాయంత్రం ఇంటికి వెళ్ళేటప్పుడు దాని గుండును నమాజు బట్టల్లో చుట్టి సంచిలో పెట్టుకుని పోయేది. వీదాకు అంచు పగిలిన పాత కల్వం మిగిలింది. అంతటితో ఆగితే బాగుండేది. తల్లులు చీటీలు అందించే కిటికీలోంచి వచ్చినవన్నీ ఎతీ తన ముందే పేర్చుకోవడం మొదలుపెట్టింది. అన్నానికి లేస్తే ఆ కాస్సేపట్లో వీదా రెండు చీటీలు లాక్కుంటుందని అన్నం మానేసింది. బాత్రూముకు లేవాల్సి వస్తుందని నీళ్ళు మానేసింది. అక్క కొడుకు సున్నతి విందుకు సెలవు పెట్టమని ఇంట్లో వాళ్ళు బతిమాలితే, "ఆ రోజు డాక్టరు దగ్గర జనం ఎక్కువుంటారు" అంది. సాయంత్రానికి ఆమె మణికట్టు వాచేది. బయటి బెంచీల మీద పిల్లలు ఏడుస్తుంటే ఇదివరకు కిటికీలోంచి తల పెట్టి పలకరించేది. ఇప్పుడు ఏడుపు వినబడితే పళ్ళు బిగించేది. తల్లులు "ఇంకా ఎంతసేపు తేతే?" అంటే గుండు ఇంకా గట్టిగా తిప్పేది.

ఆమె మొగుడు దర్సా షేరు వ్యాను తోలుతాడు. ఒకనాడు మధ్యాహ్నం షాపు ముందు వ్యాను ఆపి నా దగ్గరకు వచ్చాడు.

"ఉవా, మీరైనా చెప్పండి. నిద్దట్లో నా వీపు మీద మందు నూరుతోంది."

"ఏం మందు?"

"జ్వరం మందే అయ్యుంటుంది. వారం నుంచి నా ఒళ్ళు చల్లగా ఉంది." నవ్వించడానికే అన్నాడు గానీ అతని మొహంలో నవ్వు లేదు. "నూరుతూ నూరుతూ ఏడుస్తోంది ఉవా. లేపి అడిగితే ఏడవలేదంటుంది."

నేను ఎతీకి చెప్పాను. ఆమె చేతులు కాగితాల మీదే ఉన్నాయి. "నేను లేస్తే ఈ కుర్చీలో ఎవరు కూర్చుంటారో మీకు తెలీదా ఉవా?" అంది.

నవంబరు ఆఖర్న కుండపోత వాన పడుతున్న ఒక సాయంత్రం అది జరిగింది. నేను నేర్పిన పద్ధతిలో ఒక కట్టుబాటు ఉంది. ఒక చీటీ మందు పంచి, మడిచి, సంచి మీద బిడ్డ పేరు రాశాకే రెండో చీటీ మందు బల్ల మీదికి రావాలి. నూరిన తర్వాత అన్ని పొడులూ ఒకేలా తెల్లగా ఉంటాయి కాబట్టి. ఎతీ ఆ సాయంత్రం రెండు చీటీలు ఒకేసారి నూరింది. రెండోది పక్కన పెడితే వీదా తీసుకుంటుందని. బల్ల మీద రెండు వరసల కాగితాలు పరిచి, ఎదురుగా మంచి కల్వంతోపాటు వీదా పాత కల్వం కూడా పెట్టుకుంది. ఒక దాంట్లో ఉన్నది ఫిట్స్ వచ్చే ఒక బడిపిల్లాడి మందు. రెండో దాంట్లో ఉన్నది ఇబు కొకొం అనే కూరగాయలమ్మే ఆమె పాపాయికి జలుబు మందు.

ఫిట్స్ మందు మొదటి వరసలో పంచుతోంది. సరిగ్గా అప్పుడే కిటికీ దగ్గర ఎవరో, "వీదా చేత కట్టించండమ్మా, ఆ పిల్ల చెయ్యి చల్లని చెయ్యి" అన్నారు. ఎతీ చెవి అటు పోయింది. చేతులు మాత్రం ఆగలేదు. అదే కల్వంలోని మిగతా పొడి రెండో వరస కాగితాల మీద పడింది. రెండు వరసలూ నిండాయి. ఎతీ మడిచింది, పేర్లు రాసింది, కల్వాలు రెండూ కడగడానికి పక్కకు నెట్టింది, మరో చీటీ అందుకుంది.

కల్వాలు కడిగే పని వీదాది. తొట్టి దగ్గర నిలబడి వెనక్కి తిరిగింది.

"తేతే, దీంట్లో మందు అలాగే ఉంది. దీని పొట్లాలేవి?"

"కట్టేశాను. కనబళ్ళేదా?"

"కట్టేస్తే ఇక్కడెందుకుంది తేతే?"

"కాస్త మిగిలుంటుంది. కడిగెయ్."

"మీ చేతిలో ఎప్పుడైనా మిగిలిందా?"

ఆ మాటకు ఎతీ తలెత్తింది. కల్వం వైపు చూసింది. ఆమె మొహంలో రంగు పోవడం నేను చూశాను. బడిపిల్లాడి పొట్లాలు ఇంకా బల్ల మీదే ఉన్నాయి. పాపాయివి బయటికి వెళ్ళిపోయాయి. వాన వల్ల ఇబు కొకొం ఇంకా బెంచీ మీదే కూర్చుని కొబ్బరిపాల వేడి బజిగుర్ తాగుతోంది. అదే మా అదృష్టం. ఫార్మసిస్టు ఇబు రత్నవులాన్ అసర్ నమాజుకు మేడ మీదికి వెళ్ళింది. వీదా పరిగెత్తుకుంటూ బయటికి పోయింది. వెనకే నేనూ వెళ్ళాను.

"ఇబు, ఆ పొట్లాలు ఒకసారి ఇస్తారా? మళ్ళీ కట్టిస్తాం."

ఇబు కొకొం సంచిని చంకలో బిగించుకుంది. "మళ్ళీ ఎవరు కడతారు?"

"నేనే కడతాను ఇబు."

"అదన్నమాట సంగతి. తేతే ఎతీ కట్టినవి లాక్కుని నీవి అంటగడదామని. నా దగ్గర కుదరదు నేంగ్, చిన్నపిల్లవి నువ్వు. గంటన్నర కూర్చుంది ఎందుకనుకున్నావు, ఆమె చేతి పొట్లాల కోసం."

"తప్పు పడింది ఇబు, నిజంగా."

"తేతే ఎతీ చేతిలో తప్పు పడ్డం నేనెక్కడా విన్లేదు. ఆమెను అందరూ అడుగుతుంటే నీకు కడుపుమంట."

బెంచీల మీద ఆడవాళ్ళు నవ్వారు. "పాపం, గిరాకీ లేదు పిల్లకి" అంది ఒకావిడ. వీదా కళ్ళలో నీళ్ళు తిరిగాయి, అయినా కదల్లేదు. నేను చెప్పబోతే, "మీరూరుకోండి ఉవా, మీకు వయసు మీద పడింది" అని నన్ను కూడా కూర్చోబెట్టింది ఇబు కొకొం. వాన తగ్గుతోంది. ఆమె గొడుగు తీసి లేచి నిలబడింది.

అప్పుడు ఎతీ బయటికి వచ్చింది. పని వేళలో ఆమె కిటికీ దాటి ముందుకు రావడం చాలామంది చూసి ఉండరు.

"ఇబు కొకొం, అవి ఇచ్చెయ్యండి. తప్పు నాదే."

"ఆ పిల్లనెందుకు వెనకేసుకొస్తావు తేతే? నీ మంచితనం..."

"వెనకేసుకు రావడం కాదు. వేరే పిల్లాడి ఫిట్స్ మందు మీ పాపకి కట్టాను. తాగిస్తే పాప లేచేది కాదేమో. చూసి పట్టుకున్నది వీదా." బెంచీల మీద అందరూ ఎతీ మొహమే చూస్తున్నారు. ఏళ్ళ తరబడి తన పేరు చెప్పి చీటీలిచ్చిన వాళ్ళు. "మీ మందు వీదా కడుతుంది. ఆమె చెయ్యి కూడా మంచిదే."

ఆ చివరి మాట అనడానికి ఎతీ ఎంత యాతన పడిందో నాకు తెలుసు. నేనైతే అనలేకపోయేవాణ్ణి.

ఇబు కొకొం చంకలోని సంచి తీసి వీదా చేతిలో పెట్టింది. ఇక ఎవరూ నవ్వలేదు. ఎతీ లోపలికి వచ్చి కాగితాల పెట్టె మీద కూర్చుంది. పిడికిలి బిగించబోతే వేళ్ళు ముడుచుకోలేదు. ఆ చేత్తోనే సాయంత్రమంతా నూరింది.

ఇబు రత్నవులాన్ మేడ దిగి వచ్చి అంతా విన్నది. తిట్టలేదు. తిడితే బాగుండునన్నట్టు చూసింది ఎతీ.

"నేను ముందే చూడాల్సింది. రేపట్నుంచి నువ్వు రావద్దు. రెండు నెలలు విశ్రాంతి. చేతికి కట్టు వేయించుకో, నిద్రపో, అన్నం తిను."

"రెండు నెలల్లో వీదా నా కుర్చీలో పాతుకుపోతుంది ఇబు."

"పాతుకోనీ. నువ్వొచ్చేసరికి రెండు కుర్చీలు ఉంటాయి. చీటీలు ఒకటి నీకు, ఒకటి ఆమెకు, వరసగా. తల్లులు ఎవరి పేరు చెప్పినా సరే, వరస తప్పదు. అన్నం వేళకు ఇద్దరిలో ఒకరు లేవాల్సిందే."

"అయితే కొత్త కుర్చీ ఆమెకెయ్యండి. నాది కదపొద్దు."

ఇబు రత్నవులాన్ నవ్వు దాచుకుంది. వీదా దాచుకోలేకపోయింది. ఎతీ ఆమె వైపు చురచుర చూసి, అలవాటుగా సంచిలో వేసుకోబోయిన గుండును మళ్ళీ బల్ల మీద పెట్టింది. "కడిగాక ఆరబెట్టి మరీ వాడాలి. తడిగా ఉంటే పొడి అంటుకుంటుంది" అని వెళ్ళిపోయింది.

ఇప్పుడు ఎతీ దక్షిణాన సముద్రం ఒడ్డున, రంచబుయాలో అక్క ఇంట్లో ఉంటోంది. బావ చేపల పడవ నడుపుతాడు. ఆమెకు నిద్ర పడుతోందని, మూడు పూటలా తింటోందని దర్సా చెప్పాడు. ఆమె మాత్రం నాకు ఫోన్ చేసినప్పుడు నిద్ర సంగతి చెప్పదు.

"ఉవా, ఇవాళ నన్నెవరైనా అడిగారా?"

"అడిగారు."

"ఎంతమంది?"

"చాలామంది."

"మరి ఆ పిల్లని?"

"చెప్పనా?"

"వద్దులెండి" అని పెట్టేస్తుంది. మర్నాడు మళ్ళీ అదే అడుగుతుంది.

నిన్న ఇబు కొకొం మళ్ళీ వచ్చింది, పాపకు దగ్గు. వీదా పొట్లాలు కట్టి ఇచ్చింది. ఇబు కొకొం అవి తీసుకుని కూడా కిటికీ దగ్గర నుంచి కదల్లేదు.

"నేంగ్, తేతే ఎతీ ఎప్పుడొస్తుంది?"

వీదా చేతిలో కాగితం నలిగింది. "ఏం ఇబు, నా చేతి మందు పడలేదా?"

"పడిందమ్మా, శుభ్రంగా పడింది. అయినా అడుగుతున్నా."

వీదా మొహం ముడుచుకుంది. ఆ ముడుచుకోవడం నేను ఇదివరకు ఆ కుర్చీలోనే చూశాను. ఇంకో కాగితం తీసి, అంచులు సరిచేసి, మడత మీద గోరుతో గట్టిగా గీసి, తల ఎత్తకుండానే చెప్పింది.

"ఫిబ్రవరి మూడో తేదీ, సోమవారం."