"నేను" అనమని నేర్పిన మూడు రోజులు

సోమవారం పొద్దున పరేడ్ ముగించుకుని వచ్చి ఇంకా బెల్టు కూడా విప్పలేదు, ఆఫీసు క్లర్కు కాగితం పట్టుకొచ్చాడు. ఉత్తమ జవాన్ పోటీకి మా పల్టన్ నుంచి ఒకణ్ణి పంపాలి, గురువారం తొమ్మిదింటికి బోర్డు, అంటే అధికారుల ముందు ఇంటర్వ్యూ. కాగితం మీద తేదీ చూస్తే అది పైనుంచి బయలుదేరి మూడు వారాలయింది. అన్నాళ్ళూ ఎవరి సొరుగులో నిద్రపోయిందో దేవుడికెరుక! మిగతా పల్టన్ల వాళ్ళు నెలల తరబడి తమ మనుషుల్ని తోముతున్నారు. నాకు మూడే రోజులు. "నువ్వుంటే మాకేం బెంగ!" అని మేజర్ సాబ్ నా భుజం తట్టి వెళ్ళిపోయాడు. తట్టడానికేం, ఎవరైనా తడతారు.

అప్పుడు నేను హవల్దార్ని. శిక్షణ ఇచ్చేవాణ్ణి కాబట్టి పల్టన్లో అందరూ నన్ను ఉస్తాద్ అనే పిలిచేవాళ్ళు. పోటీకి ఎంపికైనవాడు నాకంటే ఒక మెట్టు కింద, నాయక్ ర్యాంకువాడు. మద్రాసు రాయపురం మనిషి, చేపల రేవు పక్కన పుట్టి పెరిగిన తెలుగువాడు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, పల్టన్లో హిందీ. అతనికిదే ఆఖరి అవకాశం. బోర్డులో నెగ్గితే హవల్దార్ ప్రమోషన్‌కి పేరు వెళ్తుంది, ఇంకొన్నేళ్ళు నౌకరీ నిలుస్తుంది. లేదంటే నాయక్‌గానే గడువు ముగిసి, మరుసటి ఏడాది పెట్టె సర్దుకుని ఇంటికి పోవాలి. నలభై కూడా నిండని మనిషికి, యూనిఫాం తప్ప ఇంకో పని తెలియనివాడికి, అది చిన్న సంగతి కాదు.

అతన్నే ఎందుకు ఎంచారంటే, అంతకుముందు వానాకాలం మద్రాసులో కూవం నది పొంగి చింతాద్రిపేట సందుల్లో నీళ్ళు నిలిచినప్పుడు మమ్మల్ని సాయానికి పంపారు. మా రబ్బరు పడవ చిరిగి మునిగిపోయింది. అతను ఎక్కడిదో తలుపు చెక్క ఊడబెరికి, దాని మీద కూర్చోబెట్టి, ఈదుకుంటూ తోసుకుంటూ పదకొండు మందిని ఒడ్డుకి చేర్చాడు. బోర్డు ముందు ఆ సంగతి చెప్పుకుంటే చాలు, సగం గెలిచినట్టే.

చెప్పుకుంటే కదా!

సోమవారమంతా బట్టలకీ బూట్లకీ పోయింది. మంగళవారం ప్రశ్నలు మొదలుపెట్టాను. ఆయుధం గురించి అడిగితే కళ్ళు మూసుకుని చెప్పాడు. అవును అనాల్సినచోట మాత్రం నోరు తెరవకుండా తల అటూ ఇటూ ఊపుతాడు. అచ్చం మద్రాసు తల! దాన్ని ఎలాగో కదలకుండా నిలబెట్టాను. తరవాత వరద రోజు నువ్వేం చేశావో చెప్పమన్నాను.

"మేము ఆడికి పోతిమి ఉస్తాద్. మేము తలుపు పీకితిమి. మేము ఈదితిమి..."

"మేము అంటే ఎవర్రా? నువ్వూ, మీ తాతానా? నీళ్ళలోకి దూకింది ఎవరు?"

"నేను దా."

"మరి నేను అని చెప్పు!"

"ఒగడే ఎట్ట చేస్తాడు ఉస్తాద్? తాడు పట్టుకున్నోళ్ళు లేరా, గట్టు మీద నిలబడినోళ్ళు లేరా? అందరం గదా."

నాకు ఒళ్ళు మండిపోయింది. మార్కుల కాగితంలో ఒక గడి ఉంటుంది, జవాను సొంతంగా చేసిన పని ఏమిటి అని. 'మేము' అన్నావంటే ఆ గడి ఖాళీ. పోనీ హిందీలో చెప్పించుదామంటే అక్కడా 'హమ్' తప్ప 'మై' రాదు. తిట్టాను, బతిమాలాను, 'మేము' అన్నప్పుడల్లా మైదానం చుట్టూ ఒక రౌండు పరిగెత్తించాను. చెమటలు కక్కుకుంటూ తిరిగొచ్చి, "సారీ ఉస్తాద్, మేము మర్చిపోతిమి" అన్నాడు! నా తల నేనే బాదుకున్నాను. ఆ మాట అతని నోటికి రావడానికి అంత సిగ్గెందుకో నాకు అర్థం కాలేదు.

బుధవారం సాయంత్రానికి దారికొచ్చాడు. నేను వెళ్ళాను, నేను చూశాను, నేను నిర్ణయించాను, నేను దూకాను. నాలుగు వాక్యాలూ హిందీలో గడగడా చెప్పేశాడు. అన్నం దగ్గర కూడా అవే గొణుక్కుంటుంటే తోటివాళ్ళు పగలబడి నవ్వారు.

గురువారం బోర్డు గదికి తెర మాత్రమే వేసి ఉంది. నేను బయట వరండాలో నిలబడ్డాను. లోపలి మాటలన్నీ వినబడుతూనే ఉన్నాయి. ఒక్క 'హమ్' కూడా దొర్లలేదు. నా ఛాతీ ఇంతయింది. అప్పుడు బోర్డు ప్రెసిడెంట్, ఒక కర్నల్, అడిగాడు: "ఇంతకీ ఆ పడవ ఎలా చిరిగింది?"

ఈ ప్రశ్నకి జవాబు నేను నేర్పలేదు. నేర్పాలని తోచలేదు అంటే అబద్ధం. తోచింది, పక్కకి నెట్టేశాను. ఆ రోజు వంతెన మీద వాకీటాకీ పట్టుకుని నిలబడింది నేను. పడవని అడ్డదారిన సందులోకి తిప్పమన్నదీ నేనే. "ఆడ నీళ్ళ కింద ఇనుప గేటుంది ఉస్తాద్, వద్దు" అని పడవలోంచి ఇతను చెబుతూనే ఉన్నాడు. "చెప్పింది చెయ్యరా!" అని అరిచాను. రిపోర్టులో మాత్రం ప్రమాదం అని రాశారు, నేను నోరెత్తలేదు.

"గేటుకి తగిలింది సాబ్," అన్నాడు లోపల.

"ఆ సందులోకి పోవాలని ఎవరు నిర్ణయించారు?"

"నేను సాబ్."

"గేటుందని తెలుసా?"

"తెలుసు సాబ్."

కాగితం మీద కలం గీసిన చప్పుడు వినబడింది. తెలిసి తెలిసి సర్కారు పడవని పోగొట్టినవాడికి మార్కులెవరిస్తారు?

చాయ్ వేళకి కర్నల్ బయటికొచ్చి నా ముందు ఆగాడు. "ఇతని ఉస్తాద్‌వి నువ్వేనా? ఏమైనా పాయింటుందా?" చెప్పుకునేదేమైనా ఉందా అని ఫౌజులో పెద్దలు అలవాటుగా అడిగే మాటే అది. ఆ వారమే నాయబ్ సుబేదార్ ప్రమోషన్‌కి నా కాగితాలు పైకి వెళ్ళాయి. "ఏమీ లేదు సాబ్," అన్నాను. భయపడ్డాను. ఇంకే సాకూ లేదు.

తిరుగు దారిలో ట్రక్కులో ఇద్దరమే ఉన్నాం. అతని ముఖం చూడలేక బూట్ల వైపు చూస్తూ అడిగాను, ఆ పడవ సంగతి నెత్తినేసుకోమని ఎవరు చెప్పారురా అని.

"మేము అంటే మీరు గూడా అందులో వస్తారు గదా ఉస్తాద్," అన్నాడు. "మీ కాగితాలు పైకి పోయుండాయంట."

అతనికి నాలుగో స్థానం వచ్చింది. తీసుకున్నది ఒక్కణ్ణే. నేర్పింది చాలలేదని మేజర్ సాబ్ రెండు రోజులు నా మీద చిర్రుబుర్రులాడాడు. నేను ఆ మాటలు పడ్డాను. నాలుగు నెలలకి నా భుజం మీదికి నాయబ్ సుబేదార్ నక్షత్రం వచ్చింది. ఆ పొద్దున అందరికంటే ముందు అతనే వచ్చి, సావధాన్‌లో నిలబడి, మొదటిసారి ఉస్తాద్ అనకుండా నన్ను "సాబ్" అన్నాడు.