ఫుసిపాలాకు ఆకలి వేయని రెండేళ్ళు

వవాఉ దీవిలో ఒక మనిషికి ఆకలి వేయడం లేదంటే ఎవరూ నమ్మరు. ఫుసిపాలాకు రెండేళ్ళు ఆకలి వేయలేదు, రెండేళ్ళూ ఎవరూ నమ్మలేదు. ఆదివారం చర్చి నుంచి వచ్చి గుంటపొయ్యి తెరిచి పెండలం, చామాకుల్లో చుట్టి ఉడికించిన మాంసం వడ్డిస్తే, రెండు ముద్దలకే ఆమె కడుపులో మంట లేచేది. చెట్టు బెరడును బట్టగా సాగగొట్టే చెక్క సుత్తి ఎత్తలేక పక్కన పెట్టేసేది. తొంభై కిలోల మనిషి అరవైకి దిగిపోయింది.

అత్త తోకిలుపేకు ఇది పెద్ద అవమానం. "మా ఇంటి కూడు నీకు సయించట్లేదేమే? కోడల్ని పస్తులు పెడుతున్నానని ఊరంతా చెవులు కొరుక్కుంటోంది!"

"తినబుద్ధి కావట్లేదు అత్తయ్యా."

"బుద్ధంటూ ఉంటే కదా!"

చనిపోయిన బంధువెవరో దయ్యమై పట్టారని నాటువైద్యం చేసే మందులమ్మ తేల్చి, ఆకు పసరు కళ్ళలో పిండింది. కళ్ళూ మండాయి, కడుపూ మండింది. ఇక లాభం లేదని ఫుసిపాలా తనంతట తానే నెయాఫు పట్నంలోని ఆసుపత్రికి వెళ్ళింది.

"మీ కడుపులో ఒక క్రిమి కాపురం పెట్టింది," అన్నాడు డాక్టరు. "ఆకలి పుట్టించే హార్మోన్ తయారయ్యేది కడుపు గోడలోనే. ఆ గోడను ఇది పుండు చేసింది. ఇక ఆకలి ఎలా వేస్తుంది?" చిన్నప్పుడు ఇంట్లోవాళ్ళ నోటి నుంచే ఇది అంటుకుంటుందని కూడా చెప్పాడు. రెండు వారాలు మాత్రలు వేసుకుంది. తర్వాత ఒక ఉదయం కడుపు కరకరలాడింది. గిన్నెడు పెండలం తిని, పొయ్యి దగ్గరే కూర్చుని ఏడ్చింది.

ఏడాదికి ఎనభై అయిదు కిలోలైంది. అప్పుడు జనం లావు తగ్గాలని చర్చి హాల్లో ఊరందరినీ తూచే కార్యక్రమం పెట్టారు. నర్సు లావెనియా ఆమె పాత ఆసుపత్రి చీటీతో పోల్చి గట్టిగా చదివి, "అక్కా, ఇరవై అయిదు పెరిగావు! కాస్త నోరు కట్టుకో," అంది. హాలంతా నవ్వింది. తోకిలుపే కూడా నవ్వింది, తినట్లేదని తిట్టిన అదే నోటితో.

ఆ వెంటనే ఫుసిపాలా తొమ్మిదేళ్ళ కూతురు సియలే తూకం ఎక్కింది.

"చూడండి, ఇలా ఉండాలి! రహస్యమేంటే బంగారం?" అంది లావెనియా.

"నాకసలు ఆకలే వేయదు. తింటే మంట," అంది పిల్ల సిగ్గుపడుతూ.

చప్పట్లు కొట్టారు. ఒక్కరికీ ఆ మాట తలకెక్కలేదు. ఆ చేతులన్నీ విరిచేయాలనిపించింది ఫుసిపాలాకు. సియలేకు పళ్ళు రానప్పుడు పెండలం నమిలి, మెత్తగా చేసి నోట్లో పెట్టింది తనే. ఇక్కడ ఏ తల్లయినా చేసేదే అది. ఇప్పుడు డాక్టరు మాట తలుచుకుంటే తన మీద తనకే అసహ్యం పుట్టింది. ఇన్నాళ్ళూ పిల్ల కంచం పక్కకు నెడుతుంటే గారాబమనుకుంది.

కూతుర్ని దింపి, తనే తూకం మీదికి ఎక్కింది.

"దిగక్కా, వెనక వరసుంది," అంది లావెనియా.

"దీని కడుపుకు పరీక్ష చేయించమని చీటీ రాయి. అప్పుడు దిగుతా."

"పిల్ల బరువు బాగుందిగా! నీకెందుకీ కంగారు?"

"నేను చిక్కితే తిట్టారు, లావైతే నవ్వారు. సిగ్గుండాలి మీకు! తిననని మొండికేసిందీ నేను కాదు, తిని ఒళ్ళు పెంచుకున్నదీ నేను కాదు, కడుపులో పురుగు ఉన్నప్పుడు చిక్కాను, అది పోయాక లావయ్యాను! నన్నెంత తగ్గమంటే అంత తగ్గుతా. ముందు దీని ఆకలి దీనికి తెచ్చివ్వండి!"

కోడలి రెక్క పట్టుకుని దింపడానికి తోకిలుపే లేచింది. దగ్గరికొచ్చి, అడ్డంగా ఉన్న మనవరాలిని జరపబోయి భుజం పట్టుకుంది. వేళ్ళకు ఎముకే తగిలింది.

"రాయవే లావెనియా," అంది ముసలావిడ. "అది దిగదు."