మేయరు చెయ్యకూడని ప్రతిపాదన

పక్కనున్న కాల్డర్ నగరం వాళ్ళతో మా ఆయోలా ప్రూయిట్ పోట్లాడి గెలవడం నేను కళ్ళారా చూశాను. మా చర్చి ముందున్న వీధి దీపం పీకెయ్యడానికి వాళ్ళ కరెంటు శాఖ లారీ వచ్చింది. ఆయోలా తన డొక్కు కారు తెచ్చి సరిగ్గా స్తంభం కింద నిలిపి, అందులోనే కూర్చుని అలసంద కాయలు ఒలవడం మొదలుపెట్టింది.

"కారు తియ్యండమ్మా," అన్నాడు లైన్‌మన్.

"చెడిపోయింది నాయనా."

"ఇప్పుడేగా నడుపుకుంటూ వచ్చారు?"

"వచ్చేదాకా బాగానే ఉంది. నిన్ను చూశాకే చెడింది."

కాయలు అయిపోతే నేను ఇంకో బుట్ట తెచ్చిచ్చాను. మధ్యాహ్నానికి వాడు పై అధికారికి ఫోను చేసి, దీపాన్ని వదిలేసి వెళ్ళిపోయాడు. ఆ మరుసటేడు ఊరంతా కలిసి ఆమెను మేయర్ని చేసింది. అంతకుముందు ఆమె బడి బస్సు తోలేది. ఊళ్ళో సగం మందిని చిన్నప్పుడు చెవి పట్టి సీట్లో కూర్చోబెట్టిన మనిషి, ఇక ఎదురు నిలిచేదెవరు?

జార్జియా రాష్ట్రంలో మా పెటిగ్రూ ఎంత ఊరని. చర్చి, పెట్రోలు బంకు, రేకుల కప్పు పురపాలక కార్యాలయం. ఒకప్పుడు కాల్డర్ వాళ్ళు నల్లవాళ్ళ వీధులకు తారు పొయ్యడానికి ఒప్పుకోకపోతే, ఆయోలా నాన్న ఇంటింటికీ తిరిగి సంతకాలు పట్టి మాకంటూ ఒక ఊరు నిలబెట్టాడు. ఊరైతే వేరైంది గానీ కరెంటు తీగలు వాళ్ళవే. రేటు పెంచేది వాళ్ళ కౌన్సిలు, దానికి ఓటేసే హక్కు మాకు లేదు. మా బిల్లుల మీద మిగిలిన దాంతో వాళ్ళు ఈత కొలను కట్టుకున్నారు. మా పిల్లలు అందులో దిగాలంటే బయటి ఊరి వాళ్ళ టిక్కెట్టు కొనాలి.

చిన్న ఊళ్ళ సంఘం నుంచి ఒక లాయరమ్మాయి వచ్చి మాకున్న దారులు చెప్పింది. కరెంటు రేట్లు చూసే రాష్ట్ర కమిషనుకు మొరపెట్టుకుందామంటే, నగరాలు నడిపే కరెంటు మీద దానికి అజమాయిషీ లేదట. సొంత స్తంభాలు పాతుకుందామంటే మా ఊరిని తాకట్టు పెట్టినా చాలదు. పెద్ద కరెంటు కంపెనీ మమ్మల్ని తీసుకోవడానికి సిద్ధమే, అయితే కాల్డర్‌తో మా ఒప్పందం తీరిపోవాలి. గడువు లోపల 'మాకు వద్దు' అని మా కౌన్సిలు తీర్మానించి పంపాలి, లేదంటే అది దానంతటదే ఇంకో ఇరవై ఏళ్ళు సాగుతుంది. ఇవేవీ కాకపోతే ఊరిని రద్దు చేసుకుని కాల్డర్‌లో కలిసిపోవడం. అప్పుడు నగరం లోపలి వాళ్ళకిచ్చే తక్కువ రేటూ వస్తుంది, ఓటూ వస్తుంది. ఆ చివరి మాట వినగానే ఆయోలా లేచి కాఫీ పొయ్యడానికి వెళ్ళింది.

కంపెనీ దారే పట్టాం. శుక్రవారం చర్చిలో వేపుడు చేపల విందు. కౌన్సిల్లో ఉన్న ఐదుగురం అక్కడే ఉన్నాం, ఊరూ అక్కడే ఉంది. ఇంకెందుకు ఆలస్యమని ఆయోలా ఓటు పెట్టింది. అందరం చేతులెత్తాం. పాస్టరుగారు ప్రార్థన చేశారు. నూనె చేతులు తుడుచుకుని సంతకాలు పెట్టాం. మాకు అంతకంటే బహిరంగ సభ ఏముంటుంది?

కోర్టులో కాల్డర్ లాయరు ఒకటే అడిగాడు, కార్యాలయం తలుపు మీద ముందురోజు నోటీసు అంటించారా అని. అంటించలేదు. ఊరు ఊరంతా చేపల దగ్గరుంటే తలుపు మీద కాగితం ఎవరు చదవాలి? జడ్జి మాత్రం, నోటీసు లేని సభ సభ కాదు, అందులో వేసిన ఓటు ఓటు కాదు అన్నాడు. అప్పటికి గడువు దాటిపోయింది.

ఆయోలా ఎవరినీ నిందించలేదు. మేయర్ని నేను, తలుపూ నాదే అంది. అప్పటినుంచి చర్చిలో వెనక వరసలో కూర్చునేది. ఊరు మెల్లగా ఖాళీ అయింది. చలికాలం కరెంటు బిల్లు చూసి టేవిస్ బూన్ ఇల్లు వదిలి చెల్లెలి పంచన చేరాడు. బట్టలుతికే దుకాణం మూతపడింది. ఉన్నవాళ్ళలో ముసలివాళ్ళం ఎవరింట్లో వాళ్ళం చలికి ఒకే గదిలో పొయ్యి వెలిగించుకుని, మిగతా గదులు మూసుకుని బతికాం.

పోయిన ఆదివారం ప్రార్థన అయ్యాక ఆయోలా మా వంటింటికొచ్చింది. మొక్కజొన్న రొట్టె పెడితే ముట్టలేదు.

"మంగళవారం సభకు నోటీసు అంటించానే ఎఫీ. ఈసారి రెండు రోజుల ముందే," అంది.

లాయరమ్మాయి చెప్పిన ఆ చివరి దారి గురించేనని నాకు తెలిసిపోయింది. "మీ నాన్న ఉంటే ఏమనేవాడే?" అన్నాను. నా నోరే అంత.

"తిట్టేవాడు. తిట్టి, టేవిస్‌ను ఇంటికి పిలుచుకు రమ్మనేవాడు."

"అయితే నువ్వే చెప్పు సభలో. నా దగ్గరికెందుకొచ్చావు?"

"సభ నడిపే కుర్చీలో ఉన్న మనిషి ప్రతిపాదన చెయ్యకూడదు. కౌన్సిల్లో మిగతావాళ్ళెవరు చేసినా నేను వినలేను." నా చెయ్యి పట్టుకుంది. ఆమె వేళ్ళు చల్లగా ఉన్నాయి. "నువ్వు చెయ్యి. కాగితం వద్దు, నీకు చదవడం కష్టం. లేచి నిలబడి నోటితో చెప్పు. ఊరి పేరు మాత్రం గొణగకే. అందరికీ వినబడేలా పలుకు."