రెండంగుళాల బట్ట

సరోజమ్మ కుట్టిన జాకెట్టు లేకుండా ధర్మవరంలో పెళ్లిపీటల మీద కూర్చున్న పిల్ల ఉందంటే, ఆ పిల్ల తప్పకుండా వేరే ఊరిదై ఉండాలి. ముప్పై ఏళ్లుగా పట్టుచీరల మీదికి జాకెట్లు కుట్టడమే ఆమె పని. ఆ పనిలో ఆమెకు ఒక పట్టింపు ఉంది. పక్క కుట్టులో రెండంగుళాల బట్ట లోపలికి మడిచి వదలాల్సిందే. పెళ్లినాడు పుల్లలా ఉన్న పిల్ల బిడ్డ పుట్టాక అట్లాగే ఉంటుందా? కుట్టు విప్పుకుంటే అదే జాకెట్టు మళ్లీ పడుతుంది. బట్ట వదలకుండా కుట్టేవాళ్లంటే సరోజమ్మకు ఒళ్లు మంట. "వాళ్లు మనుషులకు కుట్టేది కాదు, బొమ్మలకు కుడతాండారు" అనేది.

అట్లాంటి మనిషికి సముద్రంలో వేసుకునే బట్టలు కుట్టే పని పడింది. ఆమె పుట్టి బుద్ధెరిగి సముద్రం చూసిన పాపాన పోలేదు.

కూతురు పూర్ణిమ మంగళూరులో డిగ్రీ చదువుతోంది. అక్కడ సర్ఫింగ్ నేర్చుకుంది. పలక మీద బోర్లా పడుకుని, చేతులతో నీళ్లు తోసుకుంటూ పోయి, అల రాగానే దిగ్గున లేచి నిలబడి దాని మీద జారుతూ రావాలి. పోటీలకు పేరు కూడా ఇచ్చింది. అంతలో ఒకరోజు అల ఎత్తి కుదేసింది. వదులు టీషర్టు కింది నుంచి లేచి ముఖానికి చుట్టుకుంది. దాన్ని కిందికి లాక్కోవాలో, ఈదాలో తెలియక పిల్ల గుటకలు గుటకలుగా ఉప్పునీళ్లు మింగింది. స్నేహితురాలు ప్రీతి జుట్టు పట్టుకుని లాగబట్టి సరిపోయింది. ఒంటికి అతుక్కుని ఉండే బట్టలు వేసుకుంటే తప్ప ఇక నీళ్లలోకి దిగనివ్వనని నేర్పే మేడమ్ తెగేసి చెప్పింది.

ఈ సంగతి విని సరోజమ్మ మొగుడు పుల్లయ్య నేస్తున్న మగ్గం ఆపేశాడు. "చదువుకోను పంపితే నీళ్లల్లో పడేదేంది? పోటీలూ వద్దు, పాడూ వద్దు. ఇంటికి రమ్మను" అన్నాడు.

ఫోన్‌లో పూర్ణిమ వెక్కి వెక్కి ఏడ్చింది. అంగళ్లలో దొరికేవి దానికి కుదరవు. పొడుగు పిల్ల, చేతులకు సరిపోయింది నడుము దగ్గర వదులు, నడుముకు సరిపోయింది చేతులకు పొట్టి. సరోజమ్మకు రెండు వైపులా భయమే. బిడ్డ మునిగిపోతుందేమోనని ఒకటి. ఇంత ఇష్టపడినదాన్ని చేజేతులా మాన్పిస్తే, ఇక జన్మలో దేన్నీ గట్టిగా కోరుకోదేమోనని ఇంకొకటి.

"ఊరందరికీ కుట్టేదాన్ని, నా బిడ్డకు కుట్టలేనా? పోటీలకు ఇంగా పదైదు దినాలుండాది. నువ్వు ఏడవాకు" అంది.

హిందూపురంలో గార్మెంట్స్‌లో పనిచేసే చెల్లెలు వీణ సాగే బట్ట పంపింది. సరోజమ్మ రెండు రాత్రులు కూర్చుని, మణికట్టు దాకా చేతులున్న చొక్కా, చీలమండల దాకా ప్యాంటు కుట్టి బస్సులో పార్సిల్ వేసింది. నాలుగోనాడు ఫోన్ మోగింది.

"మా, చంకలంతా ఒరుసుకపోయినాయి మా. ఉప్పునీళ్లు తగిలితే ప్రాణం పోతాండాది."

పూర్ణిమ పంపిన ఫోటోను సరోజమ్మ పెద్దది చేసి చూసింది. చంకల కింద, పక్కటెముకల పొడుగునా ఎర్రటి చారలు. కొలతలు తప్పలేదు, బట్ట మంచిదే, మరి ఎక్కడ పొరపాటు? మిగిలిన బట్టలో కొంత తీసి అచ్చం అట్లాంటిదే తన కొలతకు ఒకటి కుట్టుకుంది. బకెట్‌లో ఉప్పు కలిపి ముంచి, తడిగానే తొడుక్కుంది. అంగట్లో ఇస్త్రీ బల్ల మీద బోర్లా పడుకుని, సముద్రమంతా తనదే అన్నట్టు చేతులు తోయసాగింది.

జాకెట్టు కోసం వచ్చిన చౌడక్క గడపలోనే బిగుసుకుపోయింది.

"అయ్యో సరోజా! ఏమైందే నీకు? తిక్కగిన పట్టిందా?"

"సముద్రంలో ఉండా. నీ జాకెట్టు రేపు తీసుకుందువు పో."

"సముద్రమా! నీళ్లు యాడుండాయే తల్లీ?" అంటూ చౌడక్క నవ్వలేక కడుపు పట్టుకుంది.

సరోజమ్మ మాత్రం అరగంట దాకా బల్ల దిగలేదు. దిగి చొక్కా తీస్తే చంక కింద భగ్గుమంది. సరిగ్గా ఆ రెండంగుళాల మడత ఉన్న చోటే. చెయ్యి ఆడినప్పుడల్లా అది చర్మాన్ని ఆకురాయిలా గీకుతోంది. బిడ్డ మేలు కోరి వదిలిన బట్టే బిడ్డ తోలు ఒలిచిందని తెలిసేసరికి ఆమెకు ఏడుపొచ్చింది.

మర్నాడు పొద్దున బండెక్కి హిందూపురం పోయింది. పెనుకొండ దాటేదాకా పూర్ణిమ కొలతకు కొత్తగా కత్తిరించి ఒళ్లో పెట్టుకున్న ముక్కలనే చూస్తూ కూర్చుంది. కుట్టు పక్కన వదలడానికి వాటిలో గోరంత బట్ట కూడా లేదు. వీణ సూపర్‌వైజరును బతిమాలి, అంచు మీద అంచు ఎక్కకుండా చదునుగా కుట్టే మిషను మీద వాటిని కలిపించింది.

"ఏమక్కా, మనసొప్పిందా?"

"ఒప్పల్యా. అయినా కుట్టిస్తి."

ఇంటికొచ్చాక పుల్లయ్య ఆ చొక్కాను అటూ ఇటూ తిప్పి చూశాడు. "సరే, మల్ల ముఖం మీదికి లేస్తే?" అని అడిగాడు. అది న్యాయమైన భయమే. సరోజమ్మ చొక్కా అంచుకు లోపలివైపు ఒక ఉచ్చు కుట్టి, దాన్ని ప్యాంటు నాడాకు ముడివేసి చూపించింది. పుల్లయ్య బలం కొద్దీ లాగాడు. అది కదల్లేదు. చొక్కా మడిచి పార్సిల్ సంచిలో పెట్టి, పోయి మగ్గం మీద కూర్చున్నాడు.

పోటీల రోజు ప్రీతి వీడియో కాల్ చేసింది. తెరనిండా నీళ్లే. వాటిలో పూర్ణిమ చీమంత కనిపిస్తోంది. లేచి నిలబడింది, జారింది, అంతలో అల విరిగి మీద పడింది. పలక గాల్లోకి లేచింది. పిల్ల లేదు. పుల్లయ్య ఎప్పుడు లేచి వచ్చాడో, వెనక నిలబడి ఆమె భుజం గట్టిగా పట్టుకున్నాడు. సరోజమ్మకు తెలిసిన దేవుళ్ల పేర్లన్నీ అయిపోయాయి. అప్పుడు నీళ్లలోంచి తల లేచింది. పిల్ల పలక అందుకుని, దాని మీదికెక్కి, మళ్లీ సముద్రంలోకే పోసాగింది.

"హమ్మయ్య" అని ఇద్దరూ ఒక్కసారే కూలబడ్డారు.

బహుమతి రాలేదు. ఆ ఊసు ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. మధ్యాహ్నం పూర్ణిమే ఫోన్ చేసింది. సరోజమ్మ అన్నం తిన్నావా అని కూడా అడగలేదు.

"బట్టలు ఎట్లుండాయే? యాడన్నా పట్టిందా? ఒరుసుకుందా?"



"అయ్యో, ఏమనుకోవాకు మా. నీళ్లలోకి దిగినాంక వాటి సంగతే మర్చిపోయినా. ఒంటిమీద బట్టలుండాయనే తెలియల్యా."

ముప్పై ఏళ్లలో చేతులు బిగువన్నవాళ్లను చూసింది, మెడ బాగా కుదిరిందని మెచ్చుకున్నవాళ్లను చూసింది. ఈ మాట మాత్రం ఆమెతో ఎవరూ అనలేదు. సరోజమ్మ ఫోన్ గుండెకు ఆనించుకుని మగ్గం వైపు తిరిగింది.

"ఏమయ్యా, వింటివా? మర్చేపోయిందంట!" అంది. కళ్లనీళ్లు కారిపోతుంటే తుడుచుకోకుండా అట్లాగే నవ్వుతూ కూర్చుంది.