మేడ మీద పెళ్లి

ఆ వీధిలో అందరూ ఆమెను టైలరక్క అనేవారు. చిన్నప్పుడే కాళ్లు చచ్చుబడ్డాయి. చక్రాల కుర్చీలో కూర్చుని, చేతిమిషన్ మీద బట్టలు కుట్టి, తల్లి లేని చెల్లెల్ని తనే పెంచింది. చెల్లెలు రిజిస్టర్ పెళ్లి చేసుకుంటూ, సాక్షి సంతకం అక్కే పెట్టాలని పట్టుబట్టింది.

తీరా వెళితే ఆఫీసు మేడ మీద ఉంది. లిఫ్టు నిండా విరిగిన కుర్చీలు కుక్కి ఉన్నాయి.

"అన్ని కుర్చీలూ లిఫ్టెక్కాయి, నాది తప్ప," అని టైలరక్క నవ్వింది.

"మేం మోసుకెళ్తాంలేమ్మా," అన్నాడు అటెండరు.

"వద్దు బాబూ. చెల్లి పెళ్లికి మూటలా రాలేను."

చెల్లెలు పైకి పరుగెత్తి అధికారిని బతిమాలింది.

"రిజిస్టరు కిందికి తేకూడదమ్మా," అన్నాడాయన.

"నడవలేనివాళ్లకు దారి ఉండాలని రూలుంది కదండీ?"

"ఉంది. అందుకేగా లిఫ్టు పెట్టింది!"

పెళ్లి మానేస్తానంటూ చెల్లెలు ఏడుస్తూ దిగివచ్చింది. టైలరక్క కసిరి, కళ్లు తుడిచి, మళ్లీ పైకి పంపింది. అక్క బదులు అటెండరు సంతకం పెట్టాడు.

పైన చప్పట్లు వినిపించగానే టైలరక్క కూడా మెట్ల కింద కూర్చునే చప్పట్లు కొట్టింది.

"ఎవరి పెళ్లమ్మా?" అని అడిగాడు దారిన పోతున్న పెద్దాయన.

"మా అమ్మాయిదండీ," అని మొహం పక్కకు తిప్పుకుంది.